కోళ్ళ పంక్తిలో వలపక్షం

కాస్త ఇటు జరగండర్రా, చెవులిక్కడ పెట్టండి. కోళ్ళకు న్యాయం చేయబోయి కోడలి కొలువుకే ఎసరు పెట్టిన అత్తగారి ముచ్చట ఇది.

రేకులకు జింకు పూత పూసే కార్ఖానా మూతపడ్డాక, దాని వెనక నేలలో గడ్డి కూడా మొలవలేదు. మట్టినిండా జింకే. కోడలు పనిచేసే సంస్థవాళ్ళు ఆ నేలకు మందూ మాకూ చేసి, ఆవమొక్కలు వేశారు. అవి జింకును వేళ్ళతో లాగి ఆకుల్లో దాచుకుంటాయి. నేల బాగుపడుతుంది, సరే, మరి కోసిన ఆకునేం చెయ్యాలి? చిటికెడు జింకు ఒంటబడితే కోడిగుడ్డు పెంకు గట్టిపడుతుందట. అందుకని సీసంలాంటి విషాలు లేవని తేలిన ఆకును మాత్రమే ఎండబెట్టి, పొడికొట్టి, కోడలు ఇంటికి తెచ్చింది. పెరట్లో రెండు గూళ్ళు. కుడిగూటి కోళ్ళకు దాణాలో చెంచాడు పొడి, ఎడమగూటికి ఉత్త దాణా. గుడ్లలో తేడా కనిపిస్తేనే పని సాగుతుంది. లేదా, ఆకు గోతిలోకి, కోడలు ఇంటికి.

దాణా పెట్టేది అత్తగారు. ఎడమగూటి కోళ్ళు మెడలు చాచి చూస్తుంటే ఆవిడకు చెయ్యాడలేదు. జీవితమంతా వడ్డించిన చెయ్యి మరి!

"ఒక కంచంలో నెయ్యి, పక్క కంచంలో నీళ్ళూనా? పంక్తిలో వలపక్షం నా వల్ల కాదమ్మా!" అనుకుని, కోడలు అటు వెళ్ళగానే ఎడమగూటికీ ఓ చెంచాడు కలిపేసింది. రోజూ అంతే.

"పొడి ఇలా తరిగిపోతోందేంటి అత్తయ్యా?"

"గాలే తల్లీ, పాడు గాలి!"

చివరికి గుడ్లు చూడ్డానికి కోడలి పైఅధికారిణి వచ్చింది. రెండు గూళ్ళ గుడ్లనూ బొటనవేలితో నొక్కి చూసింది. అన్నీ రాళ్ళే. "తేడా ఏదమ్మాయ్?" అంది. కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు.

అది చూసి అత్తగారు గబగబా ముందుకొచ్చింది. "పిల్ల తప్పేం లేదమ్మా. ఎడమవాటికీ నేనే పెట్టాను."

"అత్తయ్యా! పెట్టకపోవడమే కదా పరీక్ష!"

"నాకేం తెలుసే? వాటి నోరు కొడుతున్నావనుకున్నాను!"

అధికారిణి నవ్వాపుకుంటూ, "పొడి తినని కోళ్ళు, ఇదే వయసువి, ఎక్కడైనా ఉన్నాయా?" అనడిగింది.

"గోడవతల దర్జీకి లేవూ! మావాటితోపాటే పొదిగించిన పిల్లలే, ఒకే కొట్టు దాణా. నా కొత్త బట్టలు బిగుతుగా కుట్టి, పైగా నువ్వే లావెక్కావన్నాడు. వాడికి చిటికెడైనా పెడతానా?"

దర్జీ గుడ్డు తెప్పించారు. వేలు ఆనిందో లేదో పుటుక్కుమంది. సొన అధికారిణి మోచేతిదాకా కారింది.

"నా గుడ్డు!" అని గోడ మీంచి దర్జీ కేక.

"ఒక్క గుడ్డుతో రుజువు కాదుగానీ, వచ్చే కోతదాకా సాగించండి. పొడి లేని గూడు ఈసారి దర్జీగారిది," అంది అధికారిణి.

కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. "అందాకా ఆయనతో రాజీ పడకండి అత్తయ్యా!"

"అది నాకు చెప్పాలటే!"

మాట నిలబెట్టుకుంది ఆవిడ. గోడవతల కోళ్ళు మెడలు చాచినప్పుడల్లా చేతులు వెనక్కి కట్టుకుని, మొహం తిప్పుకుని మరీ నిలబెట్టుకుంది.

మీరూ గుర్తుపెట్టుకోండర్రా. మీవాళ్ళకు చెప్పేటప్పుడు దర్జీ కోళ్ళను మాత్రం వదిలెయ్యకండి. కథలోనైనా వాటికి వాటా రావాలి కదా!