రేవులో చెప్పే కథ

"దుప్పట్ల సంగతి నువ్వు చూసుకో, చరిత్ర నాకొదిలెయ్," అన్నాడు పనోర్మితిస్. అతిథులు నవ్వారు. నేనూ నవ్వాను. నలుగురిలో మొగుడి మాటకు నవ్వడం కూడా ఇంటిపనే. కాకపోతే అది ఎవరి కంటా పడదు.

గ్రీసు దేశపు సీమీ దీవిలో, రేవు పైన కొండ మీద, మా అమ్మ నాకిచ్చిన ఇల్లు మాది. గదులు అద్దెకిస్తాం. ఊడ్చేదీ, ఉతికేదీ, వండేదీ నేను. అద్దెకిచ్చేది ఆయన. పొద్దున్నే అతిథుల్ని రేవుకి దించి, పాతకాలపు ఓడల గురించీ, సముద్రం అడుగున పెరిగే స్పాంజీల కోసం మునిగి మళ్లీ తేలని మగవాళ్ల గురించీ చెబుతాడు. "మావాడు నోరు విప్పితే రాళ్లు కూడా వింటాయి. నీకేమే, నీడపట్టున ఉండేదానివి," అనేది మా అత్త. ఆ కథలు నేనెన్నడూ వినలేదు. ఆ వేళకి నా చేతులు సబ్బునీళ్లలో ఉంటాయి.

ఆ రోజు ఏథెన్స్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఆయాసం మందు బల్ల మీద మరిచిపోయింది. బయట ఎండ మండిపోతోంది. ఆవిడకేమవుతుందోనని మందు పట్టుకుని మెట్లదారిన పరుగెత్తాను. రేవులో గడియారం మేడ నీడలో అందరూ గుంపుగా నిలబడ్డారు. పనోర్మితిస్ వీపు నావైపుంది.

"గాలివాన! ఆసుపత్రి ఉన్న రోడ్స్ దీవికి పడవ లేదు. నా భార్యకి ఎనిమిదో నెలలోనే నొప్పులు. ఈ చేతులతో ఎత్తుకుని ఆ మెట్లన్నీ దిగాను. ఇదిగో, ఈ రాతి మీదే కూర్చోబెట్టి, 'ఎవరైనా పడవ తియ్యండయ్యా' అని గొంతు చించుకున్నాను. సముద్రం నా బిడ్డను పొట్టన పెట్టుకుంది."

ఎవరో ముక్కు చీదారు.

గాలివాన కొట్టిన ఆ రోజు ఆయన కాఫీకొట్లో పాచికలాడుతున్నాడు. కబురు పంపితే, "ఈ ఆట కానీండి, వస్తా" అన్నాడట. నన్ను కిందికి దింపింది పక్కింటి సేవస్తి. దారిలో రెండుసార్లు జారిపడింది, అయినా నన్ను వదల్లేదు. వలలు దాచే కొట్టంలో కన్నాను. వాన వెలిశాక వచ్చాడు ఆయన. "ఏడవకు, మళ్లీ పుడతార్లే. ఇక ఈ సంగతి ఎత్తొద్దు," అన్నాడు. నేను ఎత్తలేదు. మళ్లీ ఎవరూ పుట్టలేదు. తలుచుకుంటే తట్టుకోలేక అలా అన్నాడనుకున్నాను. ఆయన మౌనం కూడా నా మౌనం లాంటిదేననుకుని, లోలోపల ఆయన మీద జాలిపడుతూ ఇన్నేళ్లు గడిపాను. ఎత్తొద్దన్నది నాకొక్కదానికేనని ఆ ఎండలో తెలిసింది.

"పాపం! పేరేం పెట్టుకున్నారు బాబూ?" అడిగింది పెద్దావిడ.

"పేరు పెట్టే వ్యవధి ఎక్కడిదమ్మా! దేవుడు ఇవ్వలేదు."

నేను ముందుకెళ్లి ఆవిడ చేతిలో మందు పెట్టాను. "పేరు పెట్టాం," అన్నాను.

పనోర్మితిస్ తిరిగి చూశాడు. "త్సంబీకా! నువ్విక్కడికెందుకు వచ్చావ్? పొయ్యి మీద కూర..."

"ఫాదర్ అందుబాటులో లేకపోతే, ప్రాణం పోతున్న బిడ్డను మూడుసార్లు గాల్లోకెత్తి ఎవరైనా బాప్తిస్మం ఇవ్వొచ్చు. సేవస్తి ఇచ్చింది. నా కూతురి పేరు ఫోటినీ. ఈయన ఆ వేళ ఇక్కడ లేడు. తర్వాతైనా అడగలేదు."

ఆయన నా మోచేయి పట్టుకుని, "పరువు తియ్యకు. ఇంటికి పద," అన్నాడు గొంతు తగ్గించి. చెయ్యి విడిపించుకున్నాను. ఆయన ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు.

పెద్దావిడ ఆ రాతి మీద కూర్చుని, కొంచెం పక్కకి జరిగింది. "కూర్చోమ్మా. అసలేం జరిగిందో నువ్వు చెప్పు."

కూర్చున్నాను.

"ముందు సేవస్తి గురించి చెప్పాలి," అన్నాను.