కొంగున కట్టిన బానెట్టు తాళం

పక్కింటి శేషాద్రి కారు ఇంజనులో ఆయిలు కొలిచే కమ్మిని పైకి లాగి, వేలితో తుడిచి, ఆ వేలిని చూడామణి ముఖం ముందు పెట్టాడు. కాటుక డబ్బాలో ముంచి తీసినట్టుంది వేలు.

“మొన్న శుక్రవారమే కదమ్మా కొత్త ఆయిలు పోసింది?”

“అవునన్నా. వెయ్యి మైళ్ళయిందని పోయించినా.”

“నాలుగు దినాలకే ఇట్లయితుందా? పక్కింట్లోనే కదా ఉండాది నా కారు, వచ్చి చూడు. పదైదు దినాలైనా తేనె మాదిరే ఉంటుంది. నీ డ్రైవరు పోసింది పాతదే. కొత్త ఆయిలు ఏ చింతాద్రిపేట షెడ్డుకో పోయింటుంది. కంచే చేను మేస్తా ఉండాది, చూసుకో.”

వేలు గోడకు రాసి ఆయన వెళ్ళిపోయాడు. గోడ మీద ఆ నల్లగీత ఉండిపోయింది.

భర్త త్యాగరాజు పోయి రెండేళ్ళు. పురసవాక్కంలో ఈ పాత ఇల్లు, ఇంటి ముందు ఆ పెద్ద అమెరికా కారు, ఇవే అతను వదిలి పోయినవి. పెళ్ళిళ్ళకీ ఆస్పత్రులకీ కారు బాడుగకు తిరిగితేనే పొయ్యి మీదికి కుండ ఎక్కేది. బతికుండగా అతను పెట్రోలు ఇంజను తీయించి డీజిలుది వేయించాడు. ఒక అట్ట మీద తన చేత్తో రాసి స్టీరింగు పక్కన వేలాడగట్టాడు: వెయ్యి మైళ్ళకు ఇంజనాయిలు, రెండు సార్లకొకసారి ఆయిలు ఫిల్టరు, అయిదు వందలకు గ్రీజు, వారం వారం డీజిలు ఫిల్టరు అడుగున చేరే నీళ్ళు తీసేయడం. చూడామణికి అదంతా నోటికి వచ్చు. ఇంజను పోతే మళ్ళీ చేయించే తాహతు లేదన్న సంగతి అంతకంటే బాగా తెలుసు.

ఇదే నేరం మీద ఆ ఇంట ఒక డ్రైవరు ముందే పని పోగొట్టుకున్నాడు. పెరుమాళ్. పన్నెండేళ్ళు పనిచేశాడు. డీజిలు ఇంజను వేసిన ఆరు నెలలకు త్యాగరాజు కమ్మి లాగి చూసి, వీధిలో నలుగురూ వింటుండగా దొంగవన్నాడు. ఇప్పుడు ఈ కొత్త డ్రైవరు ఏళుమలై వంతు.

ఆనాటి నుంచి ఆమె ఏళుమలైని కనిపెట్టసాగింది. చూసేకొద్దీ అనుమానం బలిసింది. మనిషి మాట్లాడడు. ఇంజను పక్క చెవి పెట్టి, ఒక కన్ను మూసి వింటాడు. తీసిన పాత ఆయిలును డబ్బాలో పోసుకుని ఎక్కడికో పట్టుకుపోతాడు. మసిలో పనిచేసేవాడి చొక్కా ఎప్పుడూ ఉతికినట్టే ఉంటుంది. పని చేసేవాడి చొక్కా అట్లా ఉంటుందా?

శుక్రవారం రిక్షా కట్టించుకుని ఆమే మౌంట్ రోడ్డుకు పోయి సీలు వేసిన డబ్బా తెచ్చింది.

“ఇది పొయ్యి. నా ముందర.”

“ఇంకా వెయ్యి కాలేదమ్మా.”

“కానీలే, పొయ్యి.”

ఏళుమలై చొక్కా విప్పి, మడిచి సీటు మీద పెట్టి, కారు కిందికి దూరాడు. పాత ఆయిలు తారులా కారింది. చూడామణి ముక్కాలిపీట మీద నుంచి కదల్లేదు. కొత్త డబ్బా సీలు తానే చింపింది. పోశాక కమ్మి తానే లాగి చూసింది. తేనె రంగు. అప్పుడు బానెట్టు పిడికి ఇత్తడి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

ఏళుమలై తాళం వంక చూశాడు. “రేపు పొద్దున నీళ్ళు చూడాలమ్మా. రేడియేటరు కొంచెం కారతా ఉండాది.”

“నీళ్ళు కూడా ఇప్పుడే నింపినావు కదా?”

“సరిమ్మా.”

ఆ ‘సరిమ్మా’లో కూడా ఆమెకు ఏదో దాగినట్టే వినిపించింది.

మరునాడు పెళ్ళివారిని చెంగల్పట్టుకు చేర్చాలి. చూడామణి కూడా ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. “ఓనరమ్మే వస్తుందేందప్పా!” అని పెళ్ళివారి ముసలావిడ నవ్వింది. చెంగల్పట్టులో వాళ్ళు రమ్మని ఎంత పిలిచినా ఈమె మంచినీళ్ళకు కూడా దిగలేదు. ఏళుమలై తలుపు తీసిన ప్రతిసారీ మెడ తిప్పి చూసింది.

తిరుగుదారిలో పల్లావరం దగ్గర వేడి చూపే ముల్లు చివరికంటా పోయింది. ఏళుమలై కారును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. బానెట్టు సందుల్లోంచి ఆవిరి బుసకొట్టింది.

“తాళంచెవి ఇయ్యమ్మా.”

“దేనికి?”

“నీళ్ళు పొయ్యాల.”

ఇన్ని మైళ్ళు ఊరుకుని ఇంటి దాపుకొచ్చాక అడుగుతున్నాడు. తాళం తీయించి, రేపు ‘నువ్వే కదమ్మా తీసింది’ అంటాడేమో.

“ఇల్లు చేరేదాకా ఆగదా?”

“ఇంజను పట్టేస్తుంది. ఆ పైన ఆయిలు తెల్లగున్నా నల్లగున్నా ఒకటే.”

ఆ రోజంతటికీ అతను ఆడిన పెద్ద మాట అదే. తాళం ఎందుకు వేసిందో అతనికి తెలుసునన్నమాట. చూడామణి చెవులు వేడెక్కాయి. చెమటకు బిగిసిన కొంగుముడిని పంటితో లాగి విప్పింది. తాళంచెవి మాత్రం అతని చేతికివ్వలేదు.

“ముందు నేను చూడాల,” అని తానే తాళం తీసి, బానెట్టు ఎత్తించి, కాలే కమ్మిని కొంగుతో పట్టి లాగింది. తెల్లటి కొంగు మీద నల్లటి గీత పడింది. అచ్చం గోడ మీది శేషాద్రి వేలిగీతే.

ఆమె తాళాన్ని తిప్పి చూసింది. వంగి కారు కింద కూడా చూసింది. ఆయిలు చుక్క లేదు, ఉత్త నేల. డబ్బా సీలు చింపింది తాను. పోస్తుంటే చూసింది తాను. తాళంచెవి తన కొంగున ఉంది. ఇక అనుమానించడానికి తాను తప్ప ఎవరూ మిగల్లేదు.

“ఇంత బిరీన నల్లబడిందేంది?”

“నీవు ఒక్క వాయి వడలు తీసినా బాణలిలో నూనె అట్లనే ఉంటుందామ్మా? పక్కింటాయనది పెట్రోలు కారు. డీజిలుకు మసి జాస్తి. ఆ మసినంతా ఆయిలు కడిగి తనలో పెట్టుకుంటుంది. నల్లబడితేనే అది పని చేస్తా ఉండేది. అందుకే వెయ్యి మైళ్ళకు తీసేయమనేది.”

“మొదులే చెప్పకూడదా?”

“పెరుమాళన్న చెప్పినాడు కదమ్మా అయ్యకి. విన్నాడా?”

చూడామణికి ఆ రోజు కళ్ళకు కట్టింది. పెరుమాళ్ చేతులు ఆడిస్తూ ఏదో చెబుతూనే ఉన్నాడు. గడపలో నిలబడ్డ తనకు త్యాగరాజు గొంతే వినిపించింది.

“నీకు పెరుమాళ్ తెలుసా?”

“ఈ కారు ఎక్కే ముందు పోయి అడిగినా. నీళ్ళు కారే చోటు, మాటిమాటికీ వదులయ్యే నట్టు, అన్నీ ఆయనే చెప్పినాడు. కమ్మి తీసి ఎవరికీ చూపించొద్దురా అని కూడా అన్నాడు. ఇప్పుడు వాషర్‌మెన్‌పేట్‌లో కట్టెల బండి లాగతా ఉండాడు. పాత ఆయిలు ఆ బండి ఇరుసుకే ఇచ్చేది.”

ఇంజను చల్లబడేదాకా కాచుకున్నారు. తర్వాత ఏళుమలై తడిగోనె వేసి రేడియేటరు మూత తిప్పి, ఇంజను ఆడుతుండగా నీళ్ళు కొంచెం కొంచెంగా పోశాడు. బానెట్టు మూశాక, మళ్ళీ వేయడానికి తాళం కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు, వేయనూ లేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పురసవాక్కం వచ్చింది. ఇంటి సందు దగ్గర అతను స్టీరింగు తిప్పబోయాడు.

“నేరుగా పో. వాషర్‌మెన్‌పేట్‌కి.”

ఏళుమలై ఆమె కొంగు మీది నల్లగీత వైపు ఒకసారి చూశాడు. “ఉంటాడమ్మా ఇంట్లో. మాట్లాడతాడో లేదో మాత్రం తెలీదు. ఏం చెప్తావు ఆయనకి?”

“తోచలేదప్పా ఇంకా,” అంది చూడామణి. “నువ్వు మెల్లగా పోనీ.”