నాలుగు గంటలు ఫ్రిజ్‌లో

అక్క సంచి నేనే సర్దాను. మా ఇంట్లో ఎవరు ఊరికి వెళ్ళినా సంచి సర్దేది నేనే. నాలుగు జతల బట్టలు, శాలువా, దువ్వెన, బీపీ మాత్రల డబ్బా. పది రోజుల్లో వచ్చేస్తానంది కాబట్టి పది మాత్రలు వేసి, రైలు ఆలస్యమైతే ఉంటుందని ఇంకొకటి వేశాను. అంతకు మించి వెయ్యడానికి చెయ్యి రాలేదు. ఎక్కువ పెడితే ఎక్కువ రోజులు ఉండిపొమ్మని చెప్పినట్టు అనిపించింది.

అక్క మంచం మీద కూర్చుని మోకాళ్ళకి తైలం రాసుకుంటూ సంచిలోకి తొంగి చూసింది.

"నాలుగు జతలేనా? ఇంకో రెండు పెట్టవే. అక్కడ ముసురట, ఉతికితే ఆరవు."

"నాలుగు చాలు. కాపరానికి వెళ్తున్నావా ఏంటి?"

"కాపరానికి వచ్చినప్పుడు మూడు జతలే తెచ్చుకున్నాను. అయినా నలభై రెండేళ్ళు ఉండిపోలేదూ!"

నవ్వుతూనే అంది. నేను ఇంకో జత పెట్టకుండానే సంచి మూతి కట్టేశాను.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా ఆయనకి అన్నగారి భార్య. అన్నదమ్ములిద్దరూ పోయాక రెండో అంతస్తులో రెండు గదుల్లో మేమిద్దరమే మిగిలాం. ఆవిడ ముప్ఫై ఏళ్ళు పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికింది. చదువు రాదు. నాకూ రాదు గానీ, నలభై దాటాక మందు సీసాల మీద, బస్సు బోర్డుల మీద, పొట్లాలు కట్టిన కాగితాల మీద ఒక్కో అక్షరం పట్టుకుని నేర్చుకున్నాను. పెద్దయ్యాక వచ్చిన చదువు కదా, అక్షరాల కింద వేలు పెట్టి తోసుకుంటూ పోతేగాని ముందుకు సాగదు. మా ఇంటికి ఏ కాగితం వచ్చినా అక్క నా చేతికిచ్చేది. నేనేం చదివితే అదే అందులో ఉన్నట్టు.

ఆవిడ తమ్ముడు నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. లేపి కూర్చోబెట్టడం భార్య ఒక్కదాని వల్ల కావడం లేదు. అందుకని అక్క ప్రయాణం కట్టింది. మధ్యాహ్నం మూడూ నలభైకి రైలు. అది తప్పితే మర్నాడు పొద్దున ఏడింటికే.

వెళ్ళొస్తానన్న మాటంటే నాకు భయం. నా తొమ్మిదో ఏట మా అమ్మ రెండు రోజుల్లో వస్తానని పిన్నిగారింటికి వెళ్ళింది. మా ఆయన ఒక పొద్దున డ్యూటీకి వెళ్తుంటే గొడుగు మర్చిపోయాడని వెనక్కి పిలిచాను. "ఎండ కాస్తోంది లేవే" అన్నాడు. ఆ మాటే చివరిది. అందుకే అక్క నన్ను "పిరికీ" అని పిలిచేది. నలుగురిలోనూ అలాగే పిలిచేది.

ఆ పొద్దున మేం చెయ్యాల్సిన పని ఇంకొకటి ఉంది. అంతకు ముందు వారం ఒక బిస్కెట్ ప్యాకెట్ వెనక కాఫీ పుడ్డింగ్ చేసే పద్ధతి ఉంటే అక్కకి చదివి వినిపించాను. పొయ్యి మీద నీళ్ళు మరిగించడం తప్ప వంటే లేదు. బిస్కెట్లు, కాఫీ, క్రీమ్, పంచదార, అంతే. అక్కకి కాఫీ అంటే ప్రాణం, తీపంటే అంతకన్నా. క్రీమ్ తెప్పించింది కూడా.

"నేను వెళ్ళేలోగా చేసేద్దామే. లేకపోతే క్రీమ్ పులిసిపోతుంది" అంది.

పదింటికి మొదలుపెట్టాం. కాఫీ చిక్కగా, నల్లగా కలిపి, గిన్నెని చల్లనీళ్ళలో పెట్టి చల్లార్చాను. వేడి మీద ముంచితే బిస్కెట్ జావైపోతుంది. క్రీమ్ గిలకొట్టడానికి మా దగ్గర మిషను లేదు. అక్క రెండు ఫోర్కులు దారంతో కలిపి కట్టి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి ఆపకుండా కొట్టింది. తడి దుప్పట్లు పిండిన చెయ్యి అది. పావుగంటలో క్రీమ్ బిర్రుగా నిలబడింది. అందులో పంచదార, రెండు చెంచాల కాఫీ పొడి వేసి కలిపాం.

నేను ఒక్కో బిస్కెట్ కాఫీలో ముంచి గాజు గిన్నెలో పరుస్తున్నాను. నాలుగోది విరిగి కాఫీలో పడింది.

"స్నానం చేయించమన్నానా? ముంచి తియ్యమన్నాను" అంది అక్క.

"చెయ్యి వణికింది."

"రైలెక్కేది నేనైతే వణుకు నీకేంటే పిరికీ?"

ఒక వరస బిస్కెట్లు, ఒక పొర క్రీమ్, మళ్ళీ బిస్కెట్లు, మళ్ళీ క్రీమ్. పైన సన్నగా కాఫీ పొడి జల్లి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. గడియారం పదిన్నర చూపిస్తోంది.

"ఎంతసేపుంచాలో చూడు" అంది అక్క చేతులు తుడుచుకుంటూ.

ప్యాకెట్ తీశాను. ఎప్పట్లాగే అక్షరాల కింద వేలు జరుపుకుంటూ వచ్చాను. అక్క నా భుజం మీంచి చూస్తోంది. 'ఫ్రిజ్‌లో 4 గంటలు' అని ఉంది. నాలుగు గంటలంటే రెండున్నర. ఆవిడ తిని, చెయ్యి కడుక్కుని, తాపీగా రైలు అందుకోవచ్చు.

"ఎనిమిది గంటలు" అన్నాను.

"ఎనిమిదా?"

"ఎనిమిదే. లేకపోతే గట్టిపడదట. నీళ్ళు నీళ్ళుగా ఉంటుందట." ఆ నీళ్ళ సంగతి ప్యాకెట్ మీద లేనే లేదు.

"మళ్ళీ చదువు."

మళ్ళీ వేలు పెట్టాను. మళ్ళీ ఎనిమిదే చదివాను. అక్క కాగితం వంక చూసింది, నా మొహం వంక చూసింది. తర్వాత గుమ్మం దగ్గర పెట్టుకున్న చెప్పులు కాలితో మంచం కిందికి తోసేసింది.

"అయితే రేపు పొద్దున వెళ్తాను. మా తమ్ముడికి ఫోన్ కలుపు."

అతను అటునుంచి గట్టిగానే అరిచాడు. "పుడ్డింగ్ కోసం రైలు మానేస్తావా అక్కా? ఇక్కడ నేను మంచం మీదున్నాను!"

"మంచం మీదే ఉండు, ఎక్కడికీ పోకు. ఆరేళ్ళనుంచి నన్ను చూడ్డానికి రాలేదు, ఒక్క రోజు ఆగలేవట్రా?" అని ఫోన్ పెట్టేసింది.

మూడూ నలభై అయింది. మా ఇల్లు స్టేషనుకి దగ్గరే, రైలు కదిలితే కిటికీ అద్దాలు అదురుతాయి. అదిరాయి. నాకు ఒళ్ళు తేలికైంది. ఆ వెంటనే సిగ్గేసింది. అక్కడ తుంటి విరిగిన మనిషిని లేపడానికి ఒక ఆడది అవస్థ పడుతోంటే, ఇక్కడ నేను ఒక అంకెని మార్చి కూర్చున్నాను.

ఆరున్నరకి గిన్నె బయటికి తీశాం. చెంచా గుచ్చితే పొరలన్నీ చక్కగా తెగాయి. అక్క మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను తినలేకపోయాను.

"తినవేం? బాగానే కుదిరింది. నాలుగు గంటలకే కుదిరి ఉంటుంది" అంది.

నేను చెంచా గిన్నెలో పెట్టేశాను.

"ఏమే, నాకు అక్షరాలు రావు గానీ అంకెలు కూడా రావనుకున్నావా? లాండ్రీలో ప్రతి దుప్పటి మూలా వార్డు నంబరు కుట్టి ఉండేది. నాలుగు అంటురోగాల వార్డు. ఎనిమిది బాలింతలది. నాలుగో నంబరు దుప్పటి ఎనిమిదో నంబరు వాటిలో పడకుండా చూడ్డమే నా ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళలో ఒక్కటీ కలవనివ్వలేదు. నువ్వు సరిగ్గా నాలుగు కింద వేలు పెట్టి ఎనిమిది అంటివి. అదీ రెండుసార్లు."

"మరి ఎందుకు ఆగావక్కా?" అన్నాను.

అక్క గిన్నె అంచున అంటిన క్రీమ్‌ని చెంచాతో గీకింది.

"అబద్ధాలు చెప్పి నన్ను పంపించినవాళ్ళున్నారు. పుట్టింటివాళ్ళు పంపారు, ఆసుపత్రివాళ్ళు ఇంకా రెండేళ్ళ సర్వీసుండగానే పంపారు. ఉండమని అబద్ధమాడింది నువ్వొక్కదానివే. వింటే బాగుందనిపించింది. మళ్ళీ చదవమన్నది అందుకే."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఏడవనివ్వలేదు.

"తిను ముందు. రేపు మాత్రం ఆపకు. వాడి పెళ్ళాం నడుం పడిపోతుంది. మాటివ్వు."

మాటిచ్చాను. ఆ రాత్రికి నేనే సంచి విప్పి ఇంకో రెండు జతలు పెట్టబోయాను. అక్క తీసేసింది. "నాలుగే ఉండనీ. తొందరగా వస్తాను" అంది.

పొద్దున ఏడింటికి రైలు కదిలింది. ప్లాట్‌ఫాం మీద నేను ఆపలేదు. గొడుగుందా అని కూడా అడగలేదు.

పదో రోజు శనివారం ఫోన్ చేసింది. తమ్ముడు చేతికర్రతో నాలుగడుగులు వేస్తున్నాడట. ఆదివారం పొద్దున పదింటి రైలెక్కి సాయంత్రం నాలుగింటికి దిగుతానంది. "అది చేసి పెట్టు. నాలుగు గంటలే సుమా, ఎనిమిది కాదు" అని నవ్వింది.

ఆదివారం పొద్దున నేనే ఫోర్కులు కట్టుకుని క్రీమ్ కొట్టాను. నా చేతికి అరగంట పైనే పట్టింది. బిస్కెట్ ఒక్కటి కూడా విరగలేదు. పదకొండున్నరకి ఫ్రిజ్‌లో పెట్టాను. నాలుగింటికి ఆవిడ దిగేసరికి తయారవుతుంది. పన్నెండింటికి ఆవిడ తమ్ముడి భార్య ఫోన్ చేసింది.

సంచి మూడు వారాల తర్వాత వచ్చింది. నాలుగు జతలూ ఎవరో ఉతికి, అక్క మడత కాని మడత పెట్టారు. డబ్బాలో ఒక మాత్ర మిగిలి ఉంది.

మా తోడికోడలు గురువారం పొద్దున ఏడింటి రైలెక్కింది. పదకొండో రోజు, ఆదివారం పొద్దున ఎనిమిదింటికి బట్టలు మడతపెడుతూ పడిపోయింది. తొమ్మిదింటికి పోయింది. తిరిగి రాలేదు.