యాభై తీసేసిన లెక్క

కార్ఖానా పనిలోంచి అక్కను గెంటేసిన రోజే చెల్లెలు పళ్ళు బిగించింది. కాలేజీ గడప తొక్కని మనిషి. పాత కంప్యూటరు ముందు కూర్చుని ప్రోగ్రాములు రాయడం తనకు తానే నేర్చుకుంది. రెండేళ్ళు తిరిగేసరికి అదే కార్ఖానాలో ఉద్యోగం పట్టింది. ఎవరి చెల్లెలో అక్కడ ఎవరికీ చెప్పలేదు.

అక్క అక్కడ పదిహేనేళ్ళు ఇనుప కడ్డీలు కొలిచింది. ప్రతి కడ్డీ మందం యాభై మిల్లీమీటర్లు ఉండాలి. అక్క నోటుబుక్కులో ఆ యాభై ఎప్పుడూ రాయలేదు. మిల్లీమీటరులో వెయ్యోవంతులు మూడు ఎక్కువ, రెండు తక్కువ, అంతే. "యాభై ఎలాగూ ఉందిగా, దాన్ని పేజీ పేజీకీ మొయ్యడం దేనికే?" అనేది. ఓరోజు, కడ్డీకీ కడ్డీకీ తేడా పెరుగుతోంది, మిషను అరిగిందని చెప్పింది. ఇంజనీరు రాసిన కొత్త ప్రోగ్రాము తేడా సున్నా అంది. "నీ కళ్ళు పోయాయి, ఇంటికి పో" అని నలభైమంది ముందు కాగితం చదివి పంపించాడు. తెర మీద ఎప్పుడు చూసినా సున్నాయే కాబట్టి పనివాళ్ళు ఆయనకి సున్నాసారని పేరు పెట్టారు.

చెల్లెలు ఆ ప్రోగ్రాము తెరిచింది. తేడా తేల్చడానికి సున్నాసారు ప్రతి కొలతనూ దానితోనే హెచ్చవేసి, ఆ వర్గాలకు సగటు కట్టి, అందులోంచి సగటు కొలత వర్గాన్ని తీసేస్తున్నాడు. రెండూ రెండువేల ఐదువందల దగ్గరే. కంప్యూటరు అక్కడ ఒక్కో సంఖ్యకు పట్టుకునేది ఏడంకెలే. అక్క చెప్పిన తేడా ఆ ఏడంకెలు దాటాక ఎక్కడో ఉంది. నిండు లారీని రెండుసార్లు తూచి, డ్రైవరు జేబులో చీటీ బరువు తేల్చినట్టుంది వ్యవహారం. అంతవరకే అయితే తెలివితక్కువతనం అనుకునేది. కానీ కింద ఇంకో లైను ఉంది: జవాబు మైనస్ వస్తే సున్నా చూపించు. పక్కన తేదీ. అక్కను గెంటడానికి ముందురోజు.

అంటే మైనస్ రావడం చూశాడు. చూసే మూసేశాడు.

కడ్డీలు కొనే కంపెనీ నుంచి తనిఖీకి ఒక పెద్దావిడ వచ్చిన రోజున చెల్లెలు లేచి నిలబడింది. "మేడమ్, ఈ ఒక్క లైను తీసి నడిపించమనండి."

సున్నాసారు తడబడ్డాడు. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, తర్వాత చూద్దాం."

"నడపండి," అంది పెద్దావిడ.

తెర మీద మైనస్ పడింది.

"తేడా మైనస్ ఏంటయ్యా?" అంది పెద్దావిడ. " మీ ఇంటికి వీధి కుళాయి మైనస్ పది అడుగుల దూరంలో ఉంటుందా?"

చెల్లెలు రెండేళ్ళ కిందటి కొలతలే తీసి, ఒక్కోదాంట్లోంచి ముందు యాభై తీసేసి, మిగిలినదానితో లెక్క కట్టింది. తేడా బయటపడింది. పక్కన అక్క నోటుబుక్కు తెరిచి పెట్టింది. రెండూ ఒకటే చెప్పాయి.

"ఇదెవరిది?" అన్నాడు సున్నాసారు.

"మీరు కళ్ళు పోయాయన్నారే, ఆవిడది. నేను ఆవిడ చెల్లెల్ని."

పక్కకి లాగాడు. "మీ అక్కని రేపట్నుంచి రమ్మను. ఇక్కడితో వదిలెయ్ తల్లీ."

"వదలను. ఆ నలభైమందినీ పిలవండి."

మర్నాడు పిలవక తప్పలేదు. అక్క తన పాత స్టూలు మీద కూర్చుంది. సున్నాసారు కొత్త కాగితం చదివాడు: తప్పు నాది, తెలిసే దాచాను. చివరి మాటలు తనలో తాను గొణుక్కున్నాడు.

"కళ్ళు బాగానే ఉన్నాయి సార్," అంది అక్క, "చెవులే సరిగ్గా వినపడ్డం లేదు. మళ్ళీ చదవండి."