నీలం ఫైలు గదిలో పెన్సిలు

నేను ఒక పెన్సిలుని. ఏ కొండ మీద చెట్టునో గుర్తులేదు. తెలివొచ్చేసరికి పసుపు చొక్కా తొడుక్కుని, శాసనసభ వెనక కిటికీల్లేని గదిలో ఉన్నాను. గూఢచారి శాఖ ఖర్చుల నీలం ఫైలును సభ్యులు ఏడాదికొక్కసారి, ఒక్క గంట చదివేది అక్కడే. ఫోన్లు, పెన్నులు బయటే. రాసుకోవాలంటే నేనే దిక్కు. గంట కాగానే రాసిన కాగితాన్ని యంత్రం నమిలేస్తుంది.

ఆ గంటలో ఒకాయన నాతో గేదె బొమ్మ వేశాడు. ఇంకొకాయన నన్ను చెవిలో తిప్పుకుంటూ, కళ్లు మూసుకుని దేశాన్ని కాపాడాడు. చివర్లో అందరూ ప్రతి పద్దు పక్కనా నాతో టిక్కు పెట్టేవారు. ఒక్క టిక్కు తగ్గినా పద్దు సభకు వెళ్లదు. ఎన్నడూ తగ్గలేదు. ఫ్యాను గాలికి నాకూ మగతొచ్చేది, మళ్లీ ఆకులు తొడిగి ఊగుతున్నట్టుండేది.

ఒక ఏడు జక్కుల రాజేశ్వరమ్మ సభ్యురాలిగా వచ్చింది. ఆమె నియోజకవర్గంలో ఈరమ్మ ఉండేది. ఈరమ్మ భర్త మైసయ్య శాఖకు కబుర్లు మోస్తూ అడవిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. శాఖేమో అలాంటి మనిషే లేడంది. ఊరేమో ఎవరితోనో లేచిపోయాడంది. ఈరమ్మను కోసింది ఆ రెండో మాటే.

ఫైలు తిప్పుతూ రాజేశ్వరమ్మ నన్ను గట్టిగా పట్టుకుంది. అలవెన్సుల జాబితాలో మైసయ్య! చనిపోయిన ఐదేళ్ల తర్వాత కూడా నెలనెలా వేలిముద్ర వేసి డబ్బు తీసుకుంటున్నాడు.

"ఏంది సారూ, లేని మనిషికి వేలెక్కడిది?" అంది.

ఫైలు తెచ్చిన శాఖ అధికారి పేజీ తిప్పేయబోయాడు. "విచారిస్తాం మేడం. ఆయన భార్యకు పింఛనూ ఇస్తాం. టిక్కు పెట్టేయండి."

"పైసలొక్కటే కాదు. మీ పని మీదనే సచ్చిపోయిండని రాయుండ్రి. అప్పటిదాంక పెట్ట."

ఆ ఏడు మొదటిసారి పద్దు ఆగింది. మూడోనాడు అధికారి దిగొచ్చాడు. కానీ ఫైల్లో పెన్సిలుతోనే రాస్తానన్నాడు. 'మైసయ్య, విధుల్లో మరణించాడు.' నా జన్మకు నేను రాసిన నిజం అదొక్కటే. అప్పుడు ఆమె టిక్కు పెట్టింది. ఫైలు బీరువాలోకి వెళ్లిపోయింది.

ఈరమ్మకు పింఛను వస్తోందట, ఎందుకో చెప్పకుండా. ఇక్కడ చూసింది బయట చెప్పనని ప్రమాణం చేసిన రాజేశ్వరమ్మ ఆమె ఎదుటపడలేక తలవంచుకుంటుందట. నాకు దుఃఖం వస్తుంది. ఇప్పుడు బొటనవేలంత మిగిలి డబ్బా అడుగున పడుకుని కలలు కంటున్నాను. కలలో నాకు కాళ్లుంటాయి. ఈరమ్మ ఊరికి నడిచి వెళ్తాను. మిగిలిన ఈ కాస్త మొనతో ఆమె ఇంటి గోడ మీద, ఊరంతా చదివేలా రాస్తాను: మైసయ్య ఎవరితోనూ పోలేదు.