కోడలి పేరుకు తాళం

నా ఇంట్లోనే నాకు తెరుచుకోని తాళం ఒకటి పెట్టింది నా కోడలు. ఇందులో చర్చ లేదు.

చైత్ర సోలార్ ప్లాంటు ఆఫీసులో పనిచేస్తుంది. అక్కడ పాత కంప్యూటర్లు తీసేస్తుంటే ఒకటి తెచ్చింది. దాన్ని హాలులో టీవీ కింద పెట్టి, టీవీలో సినిమాలు వచ్చేట్టు వైర్లు కలిపి, చెరో పక్క స్పీకర్లు నిలబెట్టింది. ఒక ఆదివారమంతా పట్టింది. మధ్యలో వంట, అంట్లు, బట్టలు కూడా ఆమెవే. చూడ్డానికి వచ్చినవాళ్లు మాత్రం నా కొడుకు ప్రశాంత్‌కుమార్‌ను మెచ్చుకున్నారు. "ఇంట్లోనే టాకీసు పెట్టేసినావు కదప్పా!" అన్నాడు పక్కింటి మల్లేశప్ప. వాడు కాదనలేదు. ఆమె కాఫీలు తెచ్చింది.

తెర మీద మా ముగ్గురి పేర్లూ విడివిడిగా వస్తాయి. నా పేరు నొక్కితే నేను చూసేవి, వాడి పేరు నొక్కితే వాడు చూసేవి. ఆమె పేరు నొక్కితే మాత్రం పాస్‌వర్డ్ అడుగుతుంది.

ప్లాంటు గేటు దగ్గర ఆరేళ్లు సెక్యూరిటీ చేసినవాణ్ణి. దాచేది లేనివాళ్లు అడగకముందే సంచి తెరుస్తారు. అందుకే కనిపెట్టుకుని ఉన్నాను. సెలవు రోజుల్లో, నేను నిద్రపోయాననుకుని, సౌండు తగ్గించి కూర్చునేది. నేను దగ్గితే ఆపేసేది.

"ఏంది చూస్తాండావు?"

"పాత సినిమా, మామా."

పాత సినిమాకు తాళమెందుకు? ఎవడితోనో మాట్లాడుతోందని నాకు ఖాయమైపోయింది.

నెల చూసి, కొడుకు ఎదురుగానే అడిగాను. "దాన్ని తెరిచి చూపించమను. లేకపోతే ఆ పెట్టెను ఈ పొద్దే ఎత్తి పారేస్తా."

"చూపించేయ్ చైత్రా, పోయేదేముండాది?" అన్నాడు వాడు. అనుమానం వాడికీ ఉందని ఆ మాటలోనే తెలిసింది. ఆమెకూ తెలిసింది. కాసేపు వాణ్ణే చూసి, తర్వాత తెరిచింది.

అన్నీ సినిమాలే. ఇరవై దాకా ఉన్నాయి. ఎంతవరకు చూసిందో ప్రతి దాని కింద ఎర్ర గీత. ఒక్కటి తప్ప ఏ గీతా సగానికి రాలేదు.

"ఇది మీరు కాఫీ అడిగితే ఆపినా. ఇది ఈయన చొక్కా ఇస్త్రీకి. ఇది కొళాయి వచ్చిందని. వేరేవాళ్లు నొక్కితే నేను యాడ ఆపినానో పోతాది. అందుకే పాస్‌వర్డ్."

"ఇంత పాతవి ఎందుకు?" అన్నాడు వాడు.

"అత్త చెప్పిన కథలు ఇవి. నిజంగా అట్లే అయిపోతాయా అని."

అత్త అంటే నా భార్య కెంచమ్మ. పోయి రెండేళ్లు. ఉన్నప్పుడు ప్లాంటులోనే సోలార్ ప్యానెళ్లు కడిగే కూలికి పోయేది. ఇంట్లో వంటింటి గడప మీద కూర్చుని టీవీ చూసేది. నేను నీళ్లడిగితే లేచేది, రాగిముద్ద కెలకడానికి లేచేది. తిరిగొచ్చి "తర్వాత ఏమైంది?" అంటే "నీకెందుకు, పోయి పని చూడు" అనేవాణ్ణి. ఒక్క సినిమా చివర కూడా నేను చెప్పింది లేదు.

"ప్యానెళ్లు కడిగేటప్పుడు ఆడోళ్లందరికీ అత్తే సినిమాలు చెప్పేది" అంది చైత్ర. "చివర్లు చూసినట్టే చెప్పేది. నేను ఒక్కటి చివరిదాకా చూసినా, మీరిద్దరూ పెండ్లికి పోయిన దినం. దాంట్లో ఇల్లు వదిలిపోయిన హీరోయిన్ మొగుని కాళ్లు పట్టుకుని ఇంటికొచ్చేస్తాది. అత్త అట్ల చెప్పలేదు."

"మాయమ్మ ఏం చెప్పిందంట?" అని నవ్వాడు కొడుకు.

చైత్ర నన్ను చూసే చెప్పింది. "ఏ సినిమా అయినా అత్త కథలో ఆ యమ్మ వెనక్కి రాదు. బస్సెక్కి పోతాది. మొగుడు నీళ్లు, నీళ్లు అని అరుస్తా ఇంట్లోనే ఉంటాడు. అది చెప్పి అత్త బాగా నవ్వేది."

కెంచమ్మ బాగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

చైత్ర ఒక సినిమా పెట్టి, కుర్చీని టీవీ ముందుకు లాక్కుని కూర్చుంది. "ఇది అయిపోయేదాకా నేను లేయను" అంది. కొడుకు నా మొహం చూశాడు. పెట్టె పారేస్తానని నేను మళ్లీ అనలేదు.

నాతో నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి కెంచమ్మ. ఈ సంగతి నేనింక ఎత్తను. నా దగ్గర ఎవరూ ఎత్తకూడదు.