అమావాస్యకి ముందు అన్‌ఫాలో

వెంకటరాజు చెక్ ట్రే పైకి లాగి, అందులో పడ్డ రొయ్యల్లో పెద్దవి ఏరి అరచేతిలో పెట్టుకుని ఫొటో తీశాడు. రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలుసుకోవడానికి చెరువులో దింపి ఉంచే వల పళ్లెం అది. దాన్ని చూడటం రైతుకి ఎలాగూ తప్పదు. చూశాక ఫొటో తీసి ఇన్‌స్టాలో పెట్టడం మాత్రం ఈమధ్య పట్టుకున్న సరదా. పెట్టీపెట్టగానే పక్క చెరువు బుల్లిరాజు లైకు పడేది. భార్య పావని ఇచ్చే కాఫీకన్నా ముందు అదే వచ్చేది.

ఆ పొద్దున్న రాలేదు. ఫాలోయర్లలో ఒకరు తగ్గారు కూడా.

వెంకటరాజు బుల్లిరాజు పేజీ తెరిచి, అతను ఎవరెవర్ని ఫాలో అవుతున్నాడో చూశాడు. మొన్నటిదాకా భీమవరం చుట్టుపక్కల రొయ్య అన్న పేరెత్తిన ప్రతివాడూ అందులో ఉండేవాడు. ఇప్పుడు మేత డీలరు లేడు, ల్యాబు లేదు, ఐసు ఫ్యాక్టరీ లేదు, సొంత మేనమామ కొడుకు లేడు. వెంకటరాజూ లేడు. అంతా ఊడ్చేయగా మిగిలింది ఒక అమ్మవారి గుడి, ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే ఒకావిడ, కాకినాడలో సున్నం, బ్లీచింగు అమ్మే ఓ కొట్టు.

ఆ కొట్టు దగ్గర వెంకటరాజు బొటనవేలు ఆగిపోయింది.

చెరువుకి తెల్లమచ్చ తగిలినవాడు మొదట వెతికేది బ్లీచింగు. ఆ తెగులు వస్తే బతికున్న రొయ్యని బతికుండగానే పట్టి అమ్మేసుకోవాలి, నీళ్లు బోదె కాలవలోకి వదిలేయాలి. వదిలేముందు బ్లీచింగు కొట్టాలని అందరికీ తెలుసు. కొట్టేది ఎందరో ఆ బోదెకే తెలుసు. ఇద్దరి చెరువులకీ బోదె ఒకటే. సముద్రం పోటు మీద ఉంటే నీళ్లు ఎగువకి నడుస్తాయి, పోటు తీస్తే దిగువకి. ఒకరు వదిలింది రెండోవాళ్ల తూము దగ్గరికి రాక మానదు.

అమావాస్య వస్తోంది. ఆ పోటుకి వెంకటరాజు కొత్త నీళ్లు పెట్టుకోవాలి. ఎండలకి చెరువు నీళ్లు చిక్కబడిపోయి, తెల్లవారేసరికి రొయ్యలు గాలి చాలక పైకి తేలుతున్నాయి. నీళ్లు పెడితే ఇంకో రెండు వారాలు పెరిగి, ఇన్నాళ్ల కష్టానికి తగ్గ సైజుకొస్తాయి. పెట్టిన నీళ్లలో తెల్లమచ్చ ఉంటే చెరువంతా పోతుంది. పెట్టకపోతే అమావాస్యలోగా చిన్న రొయ్యనే పట్టేసుకోవాలి.

"వెళ్లి అడగరాదూ?" అంది పావని. బుల్లిరాజు ఆవిడకి పిన్ని కొడుకు, వరసకి అన్నయ్య.

"ఏమని అడగను? మీ చెరువు పోయిందా బావగారూ అనా?"

అది నిజమే. ఆ ఊళ్లో ఎవరూ ఎవర్నీ అలా అడగరు. మేత తింటున్నాయా అంటారు. బానే తింటున్నాయండి అంటారు అవతలివాళ్లు. చెరువు నిండా చచ్చి తేలుతున్నా ఆ జవాబు మారదు. పోనీ వెళ్లి కళ్లతో చూద్దామా అంటే, పరాయి కాళ్లతో తెగులు వస్తుందని గట్టెక్కనివ్వరు. మంచి చెరువున్నవాడూ ఎక్కనివ్వడు, చెడ్డ చెరువున్నవాడూ ఎక్కనివ్వడు. ఇంక ఏది చూసి తెలుసుకోవాలి?

వెంకటరాజు కాకుల్ని చూశాడు. రొయ్య నీరసించి ఒడ్డుకి చేరితే ముందు కనిపెట్టేది కాకే. బుల్లిరాజు గట్టు మీద కాకులు ఉన్నాయి. నిన్న ఇన్ని ఉన్నాయా అనుకుంటే గుర్తు రాలేదు. నిన్న కాకుల్ని చూడవలసిన అవసరం ఎవరికుంది?

మధ్యాహ్నం పావని మాగాయ గిన్నె పట్టుకుని బుల్లిరాజు ఇంటికి వెళ్లొచ్చింది. ఆవిడ చెప్పు విడవకముందే అడిగాడు.

"మీ సంపూర్ణమ్మ వదిన ఏమంది?"

"ఏవీ అన్లేదండి. భోంచెయ్యమంది. గుత్తి వంకాయ చేసింది."

"రొయ్యలు వండలేదూ? ఆ ఇంట్లో రొయ్య లేకుండా పొయ్యి వెలుగుద్దా?"

"ఇవాళ శుక్రవారమండి."

"నువ్వేమైనా అడిగావా?"

"అన్నయ్య ఫోన్‌లో అందర్నీ తీసేశాడంట కదా వదినా అన్నాను. 'ఆయన మనసేం బాలేదమ్మా, నిద్ర పట్టట్లేదు' అంది. అని మాట మార్చేసింది."

వెంకటరాజు ఇంక కూర్చోలేదు. చెరువు బాగున్నవాడికి నిద్ర పట్టకపోవడమేంటి? ముందు ల్యాబుని తీసేశాడు, పరీక్ష సంగతి పొక్కకుండా. డీలర్ని తీసేశాడు, మేత ఆపేసిన సంగతి అడక్కుండా. చుట్టాన్ని తీసేశాడు, మొహం చూడలేక. ఒక్కొక్కటీ చక్కగా అతుక్కున్నాయి. ఇంత చక్కగా అతుక్కున్నదాన్ని కాదనుకోవడానికి వెంకటరాజుకి మనసొప్పలేదు. సాయంత్రానికి రొయ్యలు కొనే ఏజెంటు అప్పాజీకి ఫోన్ చేశాడు.

మర్నాడు పొద్దున్నే పట్టుబడి మొదలైంది. మనుషులు వలలు లాగుతుంటే అప్పాజీ గుప్పెడు రొయ్యల్ని తీసి, తల మీద పెంకు ఊడదీసి ఎండకి పెట్టి చూశాడు. మచ్చ లేదు. ఇంకోటి తీశాడు. దానికీ లేదు.

"బంగారంలాంటి సరుకండి. ఇంకో రెండు వారాలుంచితే రొయ్య బరువెక్కి, కిలోకి ఎన్ననే కౌంటు మారుద్ది కదండీ. తొందరేంటి?"

"ఇంట్లో పనుందిలే."

"ఇంట్లో పనుందని చెరువు పట్టించేవోళ్లని నేనింతవరకూ చూళ్లేదండి, ఆయ్."

"చూశావుగా. మచ్చేమన్నా ఉందా?"

"ఇవాళ లేదండి. రేపు ఐసులో కనపడితే మా వోనరు నన్ను ఐసులో పెడతాడండి. రేటు కాస్త చూసుకోండి మరి."

వెంకటరాజు తల ఊపాడు. లారీ ఎక్కుతున్న ట్రేల్లో రొయ్యలు గాజు పెంకుల్లా మెరుస్తున్నాయి. జబ్బు లేని రొయ్యని జబ్బు రొయ్య ధరకి అమ్ముకోవడం అతనికి అదే మొదలు.

లారీ చప్పుడుకి కాబోలు, బుల్లిరాజు వచ్చాడు. గట్టెక్కకుండా పుంత దారి మీదే నిలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"ఏంటి బావగారూ, చెప్పకుండా పట్టేస్తున్నారు?"

"మీరు మాత్రం చెప్పి తీసేశారా నన్ను?"

బుల్లిరాజుకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తల గోక్కున్నాడు.

"ఇన్‌స్టా సంగతా? మిమ్మల్నొక్కర్నే కాదండి, అందర్నీ తీసేశాను. మీరేమో పొద్దున్నే అరచేతి నిండా రొయ్యలు పెడతారు. అయ్యో, నావి ఇంకా చిన్నవే అని నేనింకో బస్తా మేత పోస్తాను. మీకు లైకు కొట్టడం, మేత పొయ్యడం, ఇదే పని. తినగా మిగిలింది అడుగున కుళ్లి నీళ్లు వాసనొచ్చేశాయి. రాత్రిళ్లు అదే బెంగ. మా అమ్మాయి చెప్పింది, చూడ్డం మానెయ్యి నాన్నా అని. మానేశాక మేత తగ్గించాను. ఇప్పుడు బానే ఉన్నాయి."

"మరి కాకినాడ బ్లీచింగు కొట్టో?"

"అది అల్లుడిదండి. దాన్ని తీసేస్తే అమ్మాయి ఊరుకుంటుందా?"

వెంకటరాజు ట్రేలో పెద్దవి మాత్రమే ఏరి ఫొటో తీసేవాణ్ణని చెబుదామా అనుకున్నాడు. ఇంతలో బుల్లిరాజు చూపు ఖాళీ అవుతున్న చెరువు మీంచి లారీ మీదకి, లారీ మీంచి బోదెలోకి పోతున్న నీళ్ల మీదకి వెళ్లింది. అక్కడ చాలాసేపు ఉంది.

"అయితే నాకు తెగులొచ్చిందనుకుని పట్టేస్తున్నారా?" అన్నాడు నెమ్మదిగా.

"ఔనండి."

"ఫోన్‌లో పేర్లు చూసి."

"ఔను బావగారూ."

బుల్లిరాజు నవ్వాడు. ఆ నవ్వు కళ్లదాకా వెళ్లలేదు. వెంకటరాజుకి తను చెప్పింది తనకే వినపడింది. నెలల తరబడి పెంచిన చెరువుని ఫోన్‌లో పేర్లు చూసి పట్టించాడంట. అవతల ఎవడైనా ఇదే చెబితే తను నమ్ముతాడా?

బుల్లిరాజు తన తూము దగ్గరికి నడిచాడు. పనివాణ్ణి కేకేసి, ఇసక బస్తాలు తెమ్మన్నాడు. మొదటి బస్తా నీళ్లలో పడ్డ చప్పుడు ఇవతలికి వినపడింది.

వెంకటరాజు గట్టు దిగి, పుంత చివరిదాకా పరిగెత్తినట్టే వెళ్లాడు. "బావగారూ, నా నీళ్లు శుభ్రమేనండి. కావాలంటే అప్పాజీని అడగండి. అమావాస్య పోటు పోగొట్టుకోకండి, మీకు నీళ్లు కావాలి."

"అయ్యో, మీ మాట నమ్మనా అండి?" అన్నాడు బుల్లిరాజు ఎంతో మర్యాదగా. అని పనివాడి వైపు తిరిగాడు.

"ఇంకో రెండు బస్తాలు వెయ్యరా. సందుల్లో మట్టి గట్టిగా మెత్తు."